తర్వాత చెప్తాలే

సోషల్ టీచర్ ఏదో అన్నారు. క్లాసంతా పగలబడి నవ్వింది. కిటికీ పక్క బెంచీలో గువ్వ మాత్రం ఒక్కో మొహం వైపూ చూస్తూ ఉండిపోయింది.

గువ్వకి సరిగా వినపడదు. చెవికి మిషన్ ఉంది గానీ, అది ఫ్యాన్ చప్పుడునీ పాఠాన్నీ కలిపి ముద్ద చేసి పెడుతుంది. ఎదుటివాళ్ళు తనవైపు తిరిగి మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకుంటుంది. టీచర్లేమో ఎక్కువగా బోర్డుతో మాట్లాడతారు.

అందుకని వాళ్ళు చెప్పింది మళ్ళీ చెప్పే పని పక్కన కూచునే, అందరూ మైకు అని పిలిచే అమ్మాయికి అప్పగించారు. ఆ పిల్ల గుసగుసలాడినా పక్క సెక్షన్ వాళ్ళు నోట్స్ రాసుకుంటారు. పాఠాలు బాగానే చెప్పేది. జోకుల దగ్గరే ఇబ్బంది. చెప్పాలంటే ముందు తన నవ్వు ఆపుకోవాలి కదా.

గువ్వ మోచేత్తో పొడిచింది. "ఏమన్నారు?"

"ఏం లేదులే. తర్వాత చెప్తా."

ఆ 'తర్వాత' ఇంతవరకూ ఏ రోజూ రాలేదు.

ఇంటర్వెల్లో గువ్వ మామూలుగానే చెప్పింది, వచ్చే నెల పాత బడికి వెళ్ళిపోతానని. అక్కడ అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. హాస్టల్లో ఉండాలి, అమ్మ కనపడదు. అయినా వెళ్తుందట.

"ఎందుకే?" అంది మైకు.

"అక్కడ నవ్వు అందరితో పాటే నాకూ వస్తుంది."

సాయంత్రం మైకు ఇంటికెళ్ళేసరికి వాళ్ళమ్మ ఫోన్లో పిన్నితో మాట్లాడుతోంది. వాళ్ళింట్లో పక్కవాళ్ళ గురించి మాట్లాడుకోరు. మాట్లాడుకునేటప్పుడు తలుపేసుకుంటారంతే. తలుపు తీశాక అమ్మ నాన్న చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు.

ఏమైందని మైకు అడిగితే, తర్వాత చెప్తాలే అంది అమ్మ. అన్నాల దగ్గర మళ్ళీ అడిగింది. అదేమంత విషయం కాదన్నారు. అంటూనే ఒకళ్ళనొకళ్ళు చూసుకుని మళ్ళీ నవ్వారు.

మైకు అమ్మ మొహం చూసింది, నాన్న మొహం చూసింది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. గువ్వ రోజూ ఇలాగే కూచుంటోందా?

మర్నాడు లెక్కల మాస్టారు బోర్డు మీద గీతలు గీస్తూ జోకు వేశారు. ఆయన ఏడాదికి ఒక్కటే వేస్తారు కాబట్టి అందరూ భయంతో గట్టిగా నవ్వారు. మైకు నవ్వు మింగేసి, గువ్వ వైపు తిరిగి చెప్పడం మొదలెట్టింది.

"ఏంటమ్మా కబుర్లు?" అన్నారు మాస్టారు.

మైకు లేచి నిలబడింది. "మీ జోకే సార్. మీరు అటు తిరిగి చెప్పారు. గువ్వకి అందలేదు."

క్లాసు బిగుసుకుపోయింది. మాస్టారు సుద్దముక్క కిందపెట్టి, గువ్వ ముందుకొచ్చి, మెల్లగా మళ్ళీ చెప్పారు. "త్రిభుజం బస్సెక్కితే మూల సీటే కావాలందట."

ఈసారి ఒక్కళ్ళూ నవ్వలేదు. గువ్వ కాసేపు ఆలోచించింది.

"ఇందులో నవ్వడానికేముంది సార్?"

ముందు మాస్టారే నవ్వారు. తర్వాత క్లాసంతా. అందరితో పాటే గువ్వా.

వచ్చే నెల సంగతి గువ్వ ఎత్తలేదు. అడగడానికి మైకుకి ధైర్యం చాల్లేదు.

మాస్టారు బోర్డు వైపు తిరిగారు. మైకు గువ్వ వైపు తిరిగింది.