తిమ్మప్ప షెడ్డులో వాన చప్పుడు

చౌడేపల్లె దాటి కాస్త దూరం పోతే, రోడ్డుకు ఎడమపక్క పట్టుపురుగుల షెడ్డు ఒకటి ఉండేది. సగం కాలిపోయింది. మిగిలిన సగం మీద రేకులు అలాగే నిలిచి ఉన్నాయి. చీకటి పడ్డాక ఆ దారిన ఎవరూ పోయేవారు కాదు. పుంగనూరు నుంచి లోకంలోని కబుర్లన్నీ చెప్పుకుంటూ వచ్చే ఆటోవాళ్ళు కూడా ఆ మలుపు దగ్గర నోరు మూసుకుని వేగం పెంచేవారు.

ఎందుకంటే... ఆ షెడ్డు లోపల వాన పడేది.

ఆకాశంలో మబ్బుతునక ఉండదు. మే నెల ఎండకు నేల నెర్రెలు విచ్చి ఉంటుంది. లోపల మాత్రం సన్నగా, ఆగకుండా, ఆకుల మీద చినుకులు రాలినట్టు చప్పుడు. పురుగులు పెంచినవాళ్ళకు ఆ చప్పుడు తెలుసు. పెద్దపురుగులు రేషం ఆకు, అదే మల్బరీ ఆకు, తింటుంటే అచ్చం వాన పడినట్టే ఉంటుంది. తెలుసు కాబట్టే వాళ్ళకు మరీ భయం. పురుగులన్నీ మాడి మసైపోయిన షెడ్డులో ఆకు తింటున్నదెవరు?

పొద్దున్నే చూస్తే బయట మట్టిలో తెల్లటి పాదాల గుర్తులు. కాపలా ముసలాయన తిమ్మప్ప ఆ మంటల్లోనే పోయాడు. తిరుగుతున్నది ఆయనే అన్నారు.

నేను మదనపల్లెలో వకీలును. దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. వాయిదాల మీద మాత్రం గట్టి నమ్మకం ఉంది. ఈ సంగతి నాకు చెప్పింది ప్రొబేషన్ ఆఫీసరు ఈశ్వరప్ప. కేసుల్లో ఇరుక్కున్న పిల్లల ఇళ్ళకు పోయి, మంచీచెడూ విచారించి బాలల న్యాయ బోర్డుకు చెప్పడం ఆయన ఉద్యోగం. తిరిగి తిరిగి అబద్ధం చెప్పే ఓపిక కూడా లేని మనిషి. అందుకే విన్నాను.

అది రెండువేల నాలుగు. కేసు తిమ్మప్ప మనవడు ఉదయ్ కిరణ్ మీద. పదిహేనేళ్ళవాడు. చలికాలంలో పురుగులకు వెచ్చగా ఉండాలని షెడ్డులో బొగ్గుల కుంపట్లు పెడతారు. ఆ రాత్రి కుంపటి చూసుకోవాల్సింది వీడే. కునుకు పట్టింది. నిప్పు వెదురుతట్టలకు అంటుకుంది. తిమ్మప్ప మనవణ్ణి బయటికి ఈడ్చి పడేసి, పురుగుల కోసం మళ్ళీ లోపలికి పోయాడు. పైకప్పు కూలింది.

బోర్డు ముందు నిలబెడితే పిల్లాడు ఒకే మాట అన్నాడు.

"మా తాతను నేనే సంపినా సార్."

మేజిస్ట్రేటు కళ్ళద్దాలు తీసి కళ్ళు నలుపుకున్నారు. పిల్లల కేసులో శిక్ష అనే మాట వాడకూడదు. బాధ్యత తీసుకునే పెద్దదిక్కు ఉంటే ఇంటికి పంపిస్తారు, లేకపోతే పద్దెనిమిది నిండేదాకా బాలుర హోములో పెడతారు. తల్లీతండ్రీ లేని పిల్లాడు. ఉన్నదల్లా తిమ్మప్ప భార్య గంగులమ్మ, వీడి అవ్వ. కబురు పంపితే రాలేదు. ఇంకోసారి పంపారు. అప్పుడూ రాలేదు. మొగుణ్ణి చంపినవాణ్ణి ఏ ఆడది ఇంట్లోకి రానిస్తుందిలే అనుకున్నారు అందరూ. పిల్లాడూ అదే అనుకున్నాడు. అన్నం సగంలో వదిలేస్తున్నాడని హోమువాళ్ళు చెప్పారు.

తెల్లవారితే చివరి వాయిదా. ఆ సాయంత్రం ఈశ్వరప్ప షెడ్డు దగ్గరున్న ఆ పల్లెకు పోయాడు. గంగులమ్మ ఇంటికి తాళం.

పక్కింటి గౌరమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "పొద్దు గూకితే ఆయమ్మ ఇంట్లో ఉండదప్పా. యాడికి పోతాదో... మేం అడగం." బయలుదేరబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. "షెడ్డు పక్క పోబాక సారూ. సుట్టు తిరిగి పో."

చుట్టు తిరిగే ఓపిక ఎక్కడుంది? ఆఖరి బస్సు అందుకోవాలంటే అడ్డదారి ఆ షెడ్డు పక్క నుంచే. నడిచాడు.

చీకటి పడింది. గాలి లేదు. షెడ్డు దగ్గరికి వచ్చేసరికి... మొదలైంది.

చిటపట... చిటపట... చిటపట...

ముఖం పైకెత్తి చూశాడు. నిండా చుక్కలు. అరచెయ్యి చాపాడు. పొడిగా ఉంది.

పరిగెత్తుదామనుకున్నాడట. చూపు నేల మీద పడింది. గుమ్మం దగ్గర తెల్లటి అడుగులు లోపలికి పోయి ఉన్నాయి. బయటికి వచ్చినవి లేవు. లోపల చీకట్లో ఏదో కదిలింది. తెల్లటి పాదాలు రెండు, వాటి పైన ఏమీ కనిపించలేదు.

"కాళ్ళు..." అంది ఒక గొంతు.

ఈశ్వరప్ప తన కాళ్ళవైపు చూసుకున్నాడు.

"కాళ్ళకు సున్నం తొక్కి రాప్పా... పురుగులకు రోగం తగులుతాది."

కిరసనాయిలు దీపం వెలిగింది. దీపం వెనక ముసలి ముఖం. నల్లచీర కట్టుకుని, మోకాళ్ళదాకా సున్నప్పొడి అంటిన గంగులమ్మ! గుమ్మంలో గోనెపట్టా మీద సున్నప్పొడి చల్లి ఉంది. పురుగులున్న ఏ షెడ్డులోకైనా అది తొక్కే పోవాలి. కాలని సగంలో తట్టల నిండా కొత్త పురుగులు. ఆకు తింటున్నాయి.

ఈశ్వరప్ప అక్కడే కూలబడ్డాడు. తేరుకున్నాక కోపం ముంచుకొచ్చింది.

"ఏం మనిషివమ్మా నువ్వు! అంత మందిని జడిపిస్తా ఈడ కూసోనుండావా? కోర్టుకు యాల రాలేదు?"

"నువ్వు కోర్టాయనవా?" ఆమె దీపం ఆర్పబోయింది. "నేను రాను. నేనొస్తే కేసు బలపడతాదంట గదా. సచ్చిపోయినాయన పెండ్లామే మొదటి సాక్షంట. సాక్షి రాకపోతే కేసు ఇడిసేస్తారంట. షెడ్డు ఓనరు కుప్పం పోయి ఇంగ తిరిగి సూడలేదు. దెయ్యమని సమన్లాయన గూడా ఈ పక్క రాడు. అందుకే ఈడ దాంకోనుండా."

వింటున్న నాకు నవ్వు రాలేదు. సాక్షి మాయమైతే కేసు వీగిపోతుందని ఊళ్ళకు నేర్పింది మా కోర్టులే. ఆ తెలివినే పాపం ఆమె మనవడి కోసం ప్రయోగించింది. తను రాకపోతేనే వాడు బయటపడతాడని నమ్మింది. వాడేమో అవ్వ రాలేదు కాబట్టి తనను వదిలేసిందని నమ్మాడు. ఇంత ప్రేమ ఇంత తప్పుదారి పట్టడం నేను ఏ కేసులోనూ చూడలేదు.

"ఇది ఆ కోర్టు కాదవ్వా," అన్నాడు ఈశ్వరప్ప. "నువ్వు రాకపోతేనే పిల్లోణ్ణి హోములో పెట్టేస్తారు. రేపే ఆఖరు."

ఆమె దీపం ఆర్పకుండా కింద పెట్టింది. తట్టల్లో వాన పడుతూనే ఉంది.

"మరి ఈ పురుగులు ఎందుకవ్వా?"

"వాడొస్తే ఊర్లో ఎవరు పనిస్తారప్పా? తాతను సంపినోడు అంటారు. తాత పని వాడి కోసరం నిలబెట్టి పెట్టినా."

ఆ రాత్రి షెడ్డులోనే గడిపి, పొద్దున్నే మొదటి బస్సుకు ఇద్దరూ బయలుదేరారు. తెల్లవారకముందే గంగులమ్మ ఆకు వేసింది. నాలుగో జ్వరం, అంటే ఆఖరిసారి పొర విడవడం, అయిపోయిన పురుగులు అవి. పొద్దున వేసింది మధ్యాహ్నానికి మిగలదు.

"మళ్ళా ఆకు ఎవరేస్తారవ్వా?" అన్నాడు ఈశ్వరప్ప.

"ఆయన ఉండాడు గదా," అంది, చీర కొంగు దులుపుకుంటూ. ఎవరో పాలేరు కాబోలు అనుకున్నాడు.

బోర్డు వీళ్ళ కేసును అన్నిటికంటే చివర పిలిచింది. అందరి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి.

"ఎవరమ్మా నువ్వు?" అన్నారు మేజిస్ట్రేటు.

"సచ్చిపోయినాయన పెండ్లాన్ని సార్. వీడి అవ్వను."

"రెండూ నువ్వేనా?"

"రెండూ నేనే."

"తీసుకుపోతావా వీణ్ణి?"

ఆమె పోయి వాడి చెయ్యి పట్టుకుంది. వాడు ఆమె పాదాలకంటిన సున్నం చూశాడు. చూసి, బోర్డు ముందు తొలిసారి ఏడ్చాడు.

బోర్డు పిల్లాణ్ణి అవ్వకు అప్పగించింది. ఇంటిదాకా చేర్చాలి కాబట్టి ఈశ్వరప్ప వెంట పోయాడు. బస్సు దిగేసరికి చీకటి పడింది. గంగులమ్మ ఇంటివైపు తిరగలేదు, షెడ్డువైపు నడిచింది. పగలంతా ఆకు లేదు, పురుగులు చచ్చే ఉంటాయని ఈశ్వరప్పకు దిగులు.

పిల్లాడు దారిలో ఆగిపోయాడు. "అవ్వా... తాత నన్ను ఆడికి రానిస్తాడా?"

అప్పుడు వినిపించింది.

చిటపట... చిటపట... చిటపట...

గుమ్మం తలుపుకు పొద్దున పెట్టిన గొళ్ళెం పెట్టినట్టే ఉంది. గంగులమ్మ తీసి దీపం వెలిగించింది. తట్టల నిండా అప్పుడే కోసినట్టు పచ్చటి ఆకు. ఆ ఊళ్ళో ఆ గుమ్మం తొక్కే ధైర్యం ఎవరికీ లేదు. పాలేరనేవాడే లేడని ఈశ్వరప్పకు తరవాత తెలిసింది.

"అవ్వా..." పిల్లాడు గుమ్మం బయటే నిలబడ్డాడు. "ఆకు ఎవరేసినారు?"

ఆమె వాణ్ణి సున్నం మీదికి మెల్లగా తోసింది.

"మీ తాత అలిసిపోయింటాడు," అంది. "పో... ఇంగ నువ్వెయ్యి."