బిల్లుకెక్కని మనిషి

మధ్యాహ్నం భోజనాలయ్యాక అప్పీళ్ళ గదిలో ఎప్పుడూ ఒక మగత కమ్ముకుని ఉంటుంది. నెత్తి మీద ఫ్యాను బద్ధకంగా తిరుగుతుంటుంది. పాత కాగితాల వాసన. అక్కడ కూర్చునే అధికారికి ఆఫీసులో ‘కత్తెర’ అని పేరు. వరదల్లో, మంటల్లో సాయానికి పరుగెత్తినవాళ్ళు ఖర్చులు తిరిగిమ్మని బిల్లు పెట్టుకుంటే, దాన్ని ఆయన కోసినంత నున్నగా ఇంకెవరూ కోయలేరు. అప్పీలుకొస్తే మీద పడి కరుస్తాడు కూడా. ‘అలాంటి మనిషి లేడు’ అని ఆయన రాసి కొట్టేసిన బిల్లులే బీరువా నిండా ఉన్నాయి.

ఆ రోజు వచ్చినవాడు మోటారు పంపుల కాంట్రాక్టరు. మొన్నటి వానలకి ఒక పెద్ద భవనం సెల్లారు మునిగిపోతే నీళ్ళు తోడించి, లోపల చిక్కుకున్నవాళ్ళని మోసుకొచ్చాడు. బిల్లంతా సరే గానీ, ఆఖరి మనిషిని తెచ్చిన ఖర్చు మాత్రం కత్తెర కొట్టేశాడు. ఆ మనిషి ఏ ఆసుపత్రిలోనూ చేరలేదు. మావాడని ఎవరూ రాలేదు.

కాంట్రాక్టరు నడుం బాగా వంచి, గోడ పట్టుకుంటూ లోపలికొచ్చాడు. కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

“ఒంట్లో బాగోకపోతే ఇంటి దగ్గర పడుండాల్సింది,” అన్నాడు కత్తెర. “నీ మూలుగులు వినడానికి కాదు నేనున్నది.”

“ఈ రోజే తేలిపోవాలి సార్.”

“తేలేదేముంది? లేని మనిషిని మోశానని దొంగ బిల్లు పెట్టావు. పైగా అప్పీలొకటా?”

“మోశానన్నాను. దించానని ఎక్కడా రాయలేదు సార్.”

కత్తెర ఫక్కున నవ్వాడు. కాంట్రాక్టరు నవ్వలేదు. బల్ల మీదికి వంగి గొంతు తగ్గించాడు.

“చీకట్లో చేతికి తగిలాడు. వీపున వేసుకున్నాను. మెట్లెక్కి వెలుతురులోకొచ్చి చూస్తే ఎవరూ లేరు... బరువు మాత్రం ఉంది. ఇప్పటికీ ఉంది. నన్ను తెచ్చినట్టు రాయించు, దిగిపోతానంటాడు. నాకు పైసా వద్దు. ఉన్నాడని ఒక్క ముక్క రాయండి.”

గదిలోకి బురద వాసన వచ్చింది. ఎక్కడినుంచో తెలీలేదు.

“రాయకపోతే?”

“అది... నేనతన్ని అడగలేదు.”

కత్తెరకి కోపం ఇంకా పెరిగింది. కలం లాక్కుని, రాస్తున్నది పైకే చదివాడు.

“అలాంటి మనిషి లేడు. అప్పీలు కొట్టివేయడమైనది.”

ఫ్యాను ఆగింది. లైటు వెలుగుతూనే ఉంది. గోడవతల నీళ్ళు కారుతున్నట్టు చప్పుడు... చుక్క... చుక్క...

కాంట్రాక్టరు నడుం మెల్లగా నిటారైంది. గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు.

“దారంతా మిమ్మల్ని తిట్టుకుంటూ వచ్చాను సార్,” అన్నాడు. “ఇక నా తిట్లతో పని లేదు. లేడని మీ నోటితోనే అన్నారు. విన్నాడు.”

వెనక్కి చూడకుండా చకచకా వెళ్ళిపోయాడు.

కత్తెర లేవబోయాడు. లేవలేకపోయాడు. బల్ల మీద రెండు చేతులూ ఆనించి బలమంతా పెట్టాడు. మెడ చుట్టూ ఏదో తడిగా, చల్లగా బిగుసుకుంది.

“ఎవరు...?”

చెవి పక్కన ఊపిరి... అంతే.

సాయంత్రం ఇల్లు చేరి లిఫ్టెక్కాడు. ఆయనొక్కడే. తలుపు మూసుకోలేదు. బరువెక్కువైందని గంట మోగింది. దిగాడు. ఆగింది. మళ్ళీ ఎక్కాడు. మోగింది.

వాచ్‌మన్ పరుగున వచ్చి, లోపలికి తొంగి చూసి, తలుపుకి అవతలే నిలబడిపోయాడు.

“ఇంతమంది ఒక్కసారే ఎక్కితే ఎలా సార్?” అన్నాడు.