గడప కింద ఇసుక

ఎనిమిదో అంతస్తు నడవాలో సువర్చల మోకాళ్ళ మీద కూర్చుని, గోడకు చెవి ఆనించి, కొయ్యసుత్తితో జానెడుకో దెబ్బ వేసుకుంటూ వస్తోంది. ఎండిన సరుగుడు పలక గట్టిగా పలుకుతుంది. తేమ పట్టిన పలక నోట్లో గుడ్డ కుక్కినట్టు మూలుగుతుంది. ఈ తేడా చెవికి పట్టుబడడానికి ఆమెకు చాలా ఏళ్ళు పట్టింది. ఇవాళ్టితో ఆ చెవికి పని లేదు.

కట్టడాల నియమావళి పదకొండో కూర్పు ఈ పొద్దుటి నుంచి అమలులోకి వచ్చింది. అందులో చేతిపరీక్ష లేదు. తేమను కొలవడానికి పలకల మధ్య పొదిగిన తేమకళ్ళు రెప్ప వేయకుండా చూస్తుండగా, మనిషి పాకుతూ వచ్చి కొత్తగా వినేదేముందని తీసేశారు. బొగ్గుపొర లెక్క కూడా మారింది. నిప్పు అంటుకుంటే పైన మాడిన చెక్కే లోపలి చెక్కకు కవచమవుతుంది కాబట్టి కప్పులకు జిప్సం తొడుగు అక్కర్లేదన్నారు. అలా మిగిలిన బరువుకు బదులు సరుగుడు పలకలతో కట్టిన ప్రతి సౌధం మీద మరో మూడు అంతస్తులు లేపుకోవచ్చు. ఇల్లు కట్టి చూడమని పెద్దలు ఊరికే అనలేదు. కట్టిన ఇంటి నెత్తిన ఇంకో ఇల్లు కట్టి చూడమంటోంది పదకొండో కూర్పు.

ఈ తీరసౌధం పరీక్ష మాత్రం పాత కూర్పు ఉండగానే మొదలైంది. అందుకని దీనికి మనిషి అంగీకారం కావాలి. కోస్తా మొత్తానికి ఇదే ఆఖరి చేతిపరీక్ష. కిటికీ అవతల భీమిలి ఇసుకలో క్రేను సిద్ధంగా ఉంది. దాని కొక్కేనికి తొమ్మిదో అంతస్తు తొలి గోడ వేలాడుతోంది. ఆ వెనక, కనుచూపు మేర తీరం పొడుగునా, ఇతర సౌధాల మీద క్రేనులు అప్పుడే పనిలో పడ్డాయి.

"తేమ పన్నెండు శాతం. అంతటా పొడి. అంగీకారం చెప్పండి" అని స్మృతి ఆమె చెవిలో మరోసారి అడిగింది. స్మృతి మనిషి కాదు, అన్ని కూర్పులనూ అమలు చేసే యంత్రం. దానికి విసుగు లేదు, తొందరా లేదు.

"ఇంకా అవలేదు" అంది సువర్చల.

నడవాలో మొదటి ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి సుత్తి దెబ్బ మూలిగింది. ఇంకో దెబ్బ వేసింది. మళ్ళీ అదే మూలుగు. పక్క గుమ్మం దగ్గర కూడా అంతే. గబగబా మెట్లు దిగి కింది అంతస్తులో సరిగ్గా అదే గుమ్మం దగ్గర కొట్టి చూసింది. ఆ కింద కూడా చూసింది. గుమ్మం మీద గుమ్మంగా సౌధం నిలువునా ఒకే చోట మెత్తబడి ఉంది. గోడల బరువంతా వచ్చి దిగేది ఆ ద్వారాల పక్కనే.

తిరిగి పైకి వచ్చి సన్నటి ఇనుప ములుకు తీసి గడప అంచున గుచ్చింది. అది మగ్గిన అరటిపండులోకి దిగినట్టు దిగింది.

అప్పుడే ఆ ఇంటి తలుపు తీసుకుని గరికిన నూకాలమ్మ బయటికి వచ్చింది. చేతిలో పసుపు కలిపిన నీళ్ళ చెంబు ఉంది. సౌధంలోని జాలరి కుటుంబాలన్నిటికీ ఆమే పెద్ద. శుక్రవారం కదా, గడప కడిగి బొట్లు పెట్టాలి. సువర్చల చెంబుకు చెయ్యి అడ్డం పెట్టి, ఇవాళ ఒక్క చుక్క కూడా పోయొద్దని, ముందు ఈ గడప కింద ఏముందో చెప్పమని అడిగింది. ముసలామె దాపరికం లేకుండా చెప్పింది.

సముద్రం వాళ్ళ ఊరిని కొంచెం కొంచెంగా కొరుక్కు తింది. ఆఖరి రోజున ప్రభుత్వం బళ్ళు పంపి అందరినీ ఈ సౌధానికి తెచ్చినప్పుడు, ప్రతి ఇల్లాలూ తన వాకిట్లో ఇసుక గుప్పెడు కొంగున కట్టుకుంది. ఇక్కడ గృహప్రవేశానికి ముందు గడప కింద పలకను గిన్నెలా తొలిచారు. నవధాన్యాలు వేసి, పైన ఆ ఇసుక పోసి, దాని మీద గడప బిగించారు. అలా చేయని ఇల్లు ఈ సౌధంలో ఒక్కటీ లేదు.

"మా ఊరు ఎక్కడుందమ్మా ఇప్పుడు? సముద్రం పట్టుకుపోనాది. ఈ గుప్పెడే మిగిలింది" అంది నూకాలమ్మ.

ఆ ఇసుకలో ఉప్పుంది. ఉప్పు గాలిలోని తేమను పిలిచి కూచోబెట్టుకుంటుంది. దానికి తోడు వారం వారం పసుపునీళ్ళు. తేమకళ్ళేమో గోడ మధ్యన, గుండె ఎత్తున పొదిగి ఉన్నాయి. నొప్పి ఒకచోట, మందు ఒకచోట. ఇప్పుడున్న బరువును సౌధం ఇంకొంతకాలం మోస్తుంది. మూడు అంతస్తులు నెత్తిన పడితే మోయదు.

"గడపల దగ్గర కొలతలు చూపించు" అంది స్మృతితో.

"గడప అనే పదానికి పదకొండో కూర్పులో నిర్వచనం లేదు. ద్వారం, చట్రం, పలక, అంచు ఉన్నాయి."

"మరి ఈ లోపం దేని కింద వస్తుంది?"

"పలకను తొలవడం నివాసుల అపరాధం. నమోదు చేయమంటారా?"

నమోదు చేస్తే ఏమవుతుందో సువర్చలకు తెలుసు. పలక తొలిచిన కుటుంబానికి నివాసం రద్దవుతుంది. సముద్రం మాట కూడా వినపడని ఏ మెట్ట ప్రాంతంలోనో కొత్త గూడు చూపిస్తారు. వల తప్ప వేరే పని తెలియనివాళ్ళు అక్కడ ఏం తిని బతుకుతారో ఏ కూర్పులోనూ లేదు. అంగీకారం చెబితే వీళ్ళ ప్రాణాల మీదికి వస్తుంది, చెప్పకపోతే బతుకు మీదికి వస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నూకాలమ్మకు స్మృతి మాటలు వినపడకపోయినా సువర్చల ముఖం చూసి సంగతి అర్థమైంది. చెంబు చంకలో పెట్టుకుని నిటారుగా నిలబడింది.

"నా పేరు రాసుకో అమ్మా. అందరి సేతా నానే సేయించినాను. మిగతావోల్ల జోలికెల్లకు."

"మీరు తప్పు చేశారని నేననలేదు, మామ్మగారూ."

అలా అన్నాక సువర్చలకు తన ఇల్లు గుర్తొచ్చింది. విశాఖలో ఇలాంటి సౌధంలోనే ఉంటోంది. గృహప్రవేశం నాడు గడప కింద అత్తగారు నవధాన్యాలూ పంచలోహాలూ పెట్టిస్తుంటే తనే దగ్గరుండి చూసింది. తను ఈ పొద్దున బయల్దేరే ముందు చేసిన ఆఖరి పని కూడా గడప మీద పసుపునీళ్ళు పోయడమే. కొయ్యసుత్తి సంచిలో పెట్టుకుని, చెంబు చేత్తో పట్టుకుని, తన గుమ్మాన్ని మాత్రం ఏనాడూ కొట్టి చూడలేదు. పదకొండు కూర్పులు రాసిన నిపుణులందరూ సాయంత్రమయ్యాక ఏదో ఒక గడప దాటుకునే ఇంటికి పోయి ఉంటారు. వాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. నిప్పును లెక్కగట్టారు, తుపానును లెక్కగట్టారు, శుక్రవారాన్ని మరిచిపోయారు. సువర్చలకు ఒళ్ళు మండిపోయింది.

ముఖ్య పరీక్షకుడు ధనుంజయరావు ఫోను చేశాడు. మనిషి చెడ్డవాడు కాదు, రేపటి సంగతి రేపు చూసుకుందామనే రకం. క్రేను ఎదురుచూస్తోందనీ, అంగీకారమో నివాసుల అపరాధమో ఏదో ఒకటి తేల్చేయమనీ, మూడో దారి లేదనీ చెప్పాడు. ఆమె సరేనని పెట్టేసింది. మూడో దారి లేకపోతే గోడ పగలగొట్టి అయినా వేసుకోవాలి, అంతే.

ఆమె మళ్ళీ పలక ముందు కూర్చుంది. ప్రతి పలక మీదా కాల్చిన ముద్ర ఉంటుంది. అందులో తోట సంఖ్య, జిగురు సంఖ్య, ఎండబెట్టిన బట్టీ సంఖ్య ఉంటాయి. చివరన, దాన్ని ఏ కూర్పు ప్రకారం లెక్కిస్తున్నారో ఆ సంఖ్య. దాన్ని ఈ పొద్దున్నే గీకేసి మళ్ళీ ముద్రించారు. ఆమె దాని మీద వేలు పెట్టింది.

"నమోదు చేసుకో. లోపమున్నది పదకొండో కూర్పులో."

"కూర్పు కట్టడంలో భాగం కాదు."

"భాగమే. ఈ పలక మీద జిగురు సంఖ్య పక్కనే దాని సంఖ్య కూడా ఉంది. జిగురు చెడితే జిగురు పేరు రాస్తావు కదా. చదువు."

స్మృతి ముద్ర చదివింది. "చదివాను. లోపం వివరించండి."

"ఇళ్ళు కట్టించింది గానీ ఇళ్ళల్లో మనుషులు ఎలా ఉంటారో చూడలేదు. నీళ్ళు పడే చోట కన్ను పెట్టలేదు. పాత ఊరు విడిచి వచ్చినవాళ్ళు వెంట ఏం తెచ్చుకున్నారని అడగలేదు. ఇది ఈ ఒక్క సౌధంలో లోపం కాదు. మా ఇంట్లోనూ ఉంది, ముందు అది రాసుకో."

"సాక్ష్యం?"

ఆమె ములుకును గడప అంచున మళ్ళీ గుచ్చి, పిడి దాకా దింపి, చెయ్యి తీసేసింది.

"లోపం నమోదైన భాగాన్ని సరిచేసేదాకా వాడరాదు" అంది స్మృతి. అది దాని సొంత నియమమే, అన్ని కూర్పులలోనూ మొదటి పుటలో ఉన్నదే. అది కూర్పుకు కూడా వర్తిస్తుందని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

కిటికీ అవతల తొమ్మిదో అంతస్తు గోడ నెమ్మదిగా దిగి ఇసుక మీద ఆగింది. దాని వెనక క్రేను ఆగింది. ఆ వెనక ఇంకొకటి. తీరం పొడుగునా ఒకదాని తరవాత ఒకటి ఆగిపోయాయి. ధనుంజయరావు ఫోను మోగడం మొదలైంది. తన ఉద్యోగం ఏమవుతుందో ఆమెకు తెలియదు గానీ, చేసిన పనికి మాత్రం చింత లేదు. ఫోను సంచిలో పడేసింది.

గడపలన్నీ ఊడదీసి పలకలు ఆరబెట్టాలని ఆమె నూకాలమ్మకు చెప్పింది. ఇసుకను పారేయమనననీ, రాగి చెంబుల్లో పోసి మూత బిగించి, కింద రాతిపలక వేసి మళ్ళీ గడప నిలబెట్టిస్తాననీ చెప్పింది. ఎవరినీ ఎక్కడికీ పంపరు కదా అని ముసలామె ఒక్కటే అడిగింది. పంపాలంటే ముందు తనని దాటాలంది సువర్చల.

"దిద్దుబాటు మొదలవుతోంది" అంది స్మృతి. "గడప. నిర్వచనం చెప్పండి."

సువర్చల చెవిలోని పరికరం తీసి, నూకాలమ్మ ముందు నేల మీద పెట్టింది.

"ఇది మీరు చెప్పాలి, మామ్మగారూ. గడపంటే ఏమిటని అడుగుతోంది. మీరు చెప్పిందే కూర్పులోకి ఎక్కుతుంది."

నూకాలమ్మ చెంబు పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, గడపకు ఇవతల కింద కూచుంది. ఆ చిన్న పరికరాన్ని ఎగాదిగా చూసి, గొంతు సవరించుకుంది.

"రాసుకో నాయినా. ముందుగా ఇది రాసుకో. దాన్ని తొక్కకూడదు."