ఆఖరి జానెడు

అప్పటి విజయనగరంలో పొద్దున్న లేవగానే ఎవరి చొక్కా వాళ్ళకి ఆ రోజు ఒంటి సంగతి చెప్పేది. వకుళ చొక్కా కూడా చెప్పింది.

"మోకాళ్ళలో వాపు ఉంది. మెట్లు వద్దు. కర్రసాముకి వెళ్ళవచ్చు. దెబ్బ మోతాదు మధ్యస్థం."

దాని పేరు కాపుచొక్కా. కాపలా కాయాల్సిన కణాలే ఒంటిమీద తిరగబడే లూపస్ జబ్బున్నవాళ్ళ కోసం రజియా అనే శాస్త్రవేత్త దాన్ని మొదట తయారు చేసింది; తర్వాత అందరూ తొడుక్కోవడం మొదలుపెట్టారు. నేతంతా సెన్సర్లే. ఏ కీలు ఈ పూట ఎంత దెబ్బ ఓర్చుకుంటుందో అవి లెక్క కడతాయి. అంతకు మించిన వేగంతో కర్ర వస్తే చొక్కా చుట్టూ అయస్కాంత క్షేత్రం పుట్టి, లోహపు పొన్ను వేసిన ఆ కర్రని గాలిలోనే ఆపేస్తుంది.

పెళ్ళికి ముందు కర్రసాములో జిల్లా అంతా పేరు మోసిన వకుళ చేతులు, జబ్బు వచ్చాక గరిటె కూడా పట్టలేకపోయాయి. నాలుగేళ్ళ తర్వాత ఈ చొక్కా వేసుకుని మళ్ళీ సాము చేసే తాలింఖానాలో అడుగుపెట్టింది. నెల తిరక్కుండా అందరినీ ఓడించింది. అక్కడే ఆమెకి అనుమానం వచ్చింది.

రజియా ఆమెకి చిన్నప్పటి నేస్తం.

"నిజం చెప్పవే. నీ చొక్కా ఎన్ని దెబ్బలు ఆపింది?"

రజియా తెర చూసి, చూపు తిప్పుకుంది. "ఒక్కటీ లేదే."

"మరి నామీద ఒక్క దెబ్బా పడలేదేటి?"

"వాళ్ళే ఆపీస్తన్నారు. ఇంకో జానెడు ఉందనగా."

వకుళ ముఖం కందిపోయింది. "అయితే నేను గెలిచిందేటి? చంటిపిల్లని ఆడించినట్టు ఆడిస్తన్నారా? నా ఒళ్ళు ఎంత ఓర్చుకుంటాదో నీ యంత్రానికి తెలుసు కదా, ఆ మాత్రం కొట్టమనవే. జబ్బు నన్ను సగం తినీసింది. మిగతా సగం వీళ్ళ జాలి తినీస్తంది."

రజియా చాలా రోజులు ఆలోచించి ఒక చేతిపట్టీ చేసింది. కొట్టబోయి వెనక్కి తగ్గే కండరాన్ని అది పసిగట్టి, చిన్న విద్యుత్ తరంగంతో ముందుకు నెడుతుంది. ఎదుటివాళ్ళ చొక్కా ఒప్పుకున్నంత మేరకే. మనసు ఆగినా చెయ్యి ఆగదు.

తాలింఖానాలో ఆమె జోడీ గౌరీశు దాన్ని చూసి బెదిరాడు. "వద్దక్కా. నా వల్ల అవదు."

"కట్టుకోరా. భయమేస్తే మీ అమ్మని తోడు తెచ్చుకో."

కర్ర వకుళ భుజం మీద ఠప్పున పడింది. ఇన్నేళ్ళకి ఒక నొప్పి బయటినుంచి వచ్చింది. జబ్బు పెట్టింది కాదు, సాటి మనిషి కొట్టింది. ఓడిపోయి, ఏడుస్తూనే నవ్వింది. గౌరీశు మాత్రం గోడవారకి పోయి వాంతి చేసుకున్నాడు. మర్నాడు రాలేదు.

"పిరికోడు," అంది వకుళ.

"నేనొస్తానమ్మా జోడీకి," అంది పదేళ్ళ కూతురు ఇందుజ. తల్లి దగ్గరే నేర్చుకుంటోంది.

రజియా ఇంకో పట్టీ తెచ్చి పక్కన నిలబడింది. తల్లీకూతుళ్ళిద్దరూ చొక్కాలు తొడుక్కున్నారు, పట్టీలు కట్టుకున్నారు. పాప చొక్కా చెప్పింది: "ఆరోగ్యం బాగుంది. దెబ్బ మోతాదు పూర్తి."

కాసేపటికి ఇందుజ అడుగు తప్పింది. భుజం ఖాళీగా దొరికింది. వకుళ కర్ర లేచి, పాప మీదికి వెళ్ళి, ఆగబోయింది. మణికట్టులో చురుక్కుమంది. చెయ్యి ఆగలేదు. ముందుకే పోతోంది.

వకుళ ఎడమచేత్తో కుడిచేతిని ఒడిసి పట్టింది. పట్టీని పళ్ళతో తెంపి పారేసింది. కర్ర దొర్లిపోయింది.

"పాపకేం అయ్యీది కాదే," అంది రజియా మెల్లగా. "రెండు రోజులు కమిలుండీది, అంతే."

"తెలుసు."

"మరి ఎందుకాపీసావు?" అడిగింది ఇందుజ. "నాకు జబ్బు లేదు కదా! గౌరీశు మావయ్య నిన్ను కొట్టినాడు కదా. నేను అంతకన్నా తక్కువా?"

పాప వంగి, తెగిన పట్టీని ఏరి రజియా చేతిలో పెట్టింది.

"దీన్ని బాగుచెయ్యి పిన్నీ. అమ్మకి కట్టాలి."

వకుళ కుడిచేతిని వీపు వెనక దాచుకుంది.