నల్లమిట్ట మీద మెడ పట్టిన చెయ్యి

డోన్ దాటి బేతంచెర్ల పోయే దారిలో నల్లమిట్ట ఉంది. చీకటి పడినాక ఆడ ఎవరూ బండి ఆపరు. ఆపితే వెనకనుంచి మెడ పడతాదంట... ఏం పడతాదో మాత్రం చెప్పరు.

హెన్రీ ఆపినాడు. బాడుగ జీపు తోలే మనిషి. ఆ రాత్రి పెళ్లివాళ్లను దించి ఒక్కడే వస్తున్నాడు. జరిగింది వాడి నోటే విన్నా.

మిట్ట ఎక్కడానికి రెండో గేర్లో గట్టిగా తొక్కినాడంట. తొక్కేకొద్దీ హెడ్‌లైట్లు తెల్లబడినాయి — రోడ్డు పక్క రాళ్లు పట్టపగల్లా కనపడేంత. కుళ్లిన కోడిగుడ్ల కంపు. మిట్ట పైకి చేరేసరికి... రెండు లైట్లూ ఒక్కసారే పోయినాయి.

ఆపక తప్పలేదు. ఫోను వెలుగులో బానెట్ ఎత్తినాడు. బ్యాటరీ బుసలు కొడుతోంది. తీగ ఊడదీద్దామని స్పానరు పెట్టినాడు — రవ్వ లేచింది, బ్యాటరీ పేలింది.

ముఖమంతా మంట. చెవులు గుయ్యిమన్నాయి. కండ్లు తెరుచుకోలేదు.

అప్పుడు — మెడ మీద చెయ్యి పడింది.

తల కిందికి వంచింది. ముఖం మీద చల్లగా ఏదో కుమ్మరించింది. ముక్కులోకి, నోట్లోకి... ఊపిరాడలేదు. హెన్రీ చేతిలోని స్పానరుతో వెనక్కి కొట్టినాడు. ఏదో పటుక్కున విరిగింది. చెయ్యి వదల్లేదు. మళ్లీ కొట్టినాడు. వెచ్చగా మెడ మీదికి కారింది... అయినా వదల్లేదు. మూడో దెబ్బకు కూలింది. హెన్రీకీ స్పృహ పోయింది.

తెలివొచ్చేసరికి ఆస్పత్రి. కండ్లకు కట్లు. జీపు చూసొచ్చిన మెకానిక్ గోపన్న మంచం పక్కన కూర్చున్నాడు.

"ఇంజను జోరందుకుంటే, కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు వోల్టేజీ పెరుగుతాదప్పా. అప్పుడు దాని లోపలి తీగచుట్టకు కరెంటు తగ్గించి, పద్నాలుగు దగ్గర నిలిపేది రెగ్యులేటరు. నీది చెడిపోయుండాది. మిట్ట ఎక్కేటప్పుడు పద్దెనిమిది దాటింటాది. బల్బులు మాడె, బ్యాటరీ ఉడికె. అది కక్కిన గ్యాసుకు నీ స్పానరు రవ్వ అంటుకునె."

మరి మెడ పట్టిందెవరని హెన్రీ అడిగితే గోపన్న దుప్పటి కప్పి లేచిపోయినాడు.

మూడోనాడు కట్లు విప్పినారు. వెంటనే నీళ్లు పడబట్టి గానీ, లేకుంటే యాసిడ్‌కు రెండు కండ్లూ పోయేవని డాక్టరు చెప్పినాడంట.

పక్క మంచం మీద ఒక ముసలాయన. తలకు ఎనిమిది కుట్లు, చేతికి పిండికట్టు. మిట్ట కింద నాపరాతి గనికి కావలి, పేరు మద్దిలేటి. బ్యాటరీ పేలి ఒకరి కన్ను పోవడం గనిలో చూసినోడు. చప్పుడు వినగానే నీళ్ల క్యాను ఎత్తుకుని పరుగెత్తినాడు. కండ్లు తెరవమని అరిచినాడంట. హెన్రీకి వినపడలేదు. వెనకే వచ్చిన గనివాళ్లు ఇద్దర్నీ ఆస్పత్రిలో చేర్చినారంట.

ముసలాయన గుసగుసగా అడిగినాడు.

"కనపడతాండాదా నాయనా?"