అరగదీసిన నంబర్

ధడ్... ధడ్...

ఫోరెన్సిక్ ల్యాబ్ తలుపు అదురుతోంది.

"మేడమ్, తలుపు తీయండి. లోపల మీతో ఎవరున్నారు?" హెడ్ కానిస్టేబుల్ గొంతు.

ఆమె గడియ బిగించి, ఒక్క ఉరుకున బల్ల దగ్గరికి వస్తుంది. చేతిలో నంబర్ అరగదీసిన పిస్టల్. నగల షాపు ఓనర్ని చంపింది దీనితోనే. ఆ కేసులో లాకప్‌లో ఉన్నది ఆమె తమ్ముడు.

"మా స్టేషన్ వాళ్లే చిట్టీ. దీన్ని మాయం చేసేస్తారు." బావ రొప్పుతున్నాడు. అక్క మొగుడు, ఇన్‌స్పెక్టర్. నాన్న పోయాక ఆమెనీ తమ్ముణ్నీ చదివించిన మనిషి. "నాకిచ్చెయ్. కిటికీలోంచి దూకేస్తా."

"రెండు నిమిషాలు ఆగు బావా. నంబర్ తెప్పిస్తా."

"ఆకురాయితో నున్నగా గీకేశాక ఇంకేముంటుందే?"

"పైన లేదు. లోపలుంది."

నంబర్ కొట్టిన దెబ్బ ఉక్కు లోపలిదాకా దిగుతుంది. పైపైన గీకితే పోదు. యాసిడ్‌లో కలిపిన కాపర్ క్లోరైడ్ ఆ నలిగిన చోటునే ముందు తింటుంది. ఆమె ఆ పచ్చటి నీళ్లలో దూది ముంచి రుద్దుతుంది. తుడుస్తుంది. మళ్లీ రుద్దుతుంది.

కరెంటు పోయింది!

"నీ ఫోన్ ఇవ్వు బావా."

లాక్ ఆమే తీస్తుంది. నాలుగు, ఒకటి, ఎనిమిది, మూడు. పోయిన ఏడాది బావ పారేసుకున్న సర్వీసు పిస్టల్ నంబర్. హెడ్ కానిస్టేబుల్ ఆ నంబర్ రాసుకుని ఎంత వెతికినా దొరకలేదు. పెళ్లిరోజు గుర్తుండదు గానీ తుపాకీ నంబర్ మాత్రం కంఠతా అని అక్క ఎప్పుడూ దెప్పుతుంది.

టార్చ్ వెలుగులో... నల్లగా ఒక గీత.

నాలుగు.

పక్కన ఒకటి.

ఆమె చెయ్యి ఆగిపోయింది. మిగతా రెండూ రాకూడదని మొక్కుకుంటోంది.

ఎనిమిది...

మూడు.

బయటివాళ్లు వచ్చింది ఇతని కోసం. గడియ పెట్టింది తనే.

"ఏమైనా వచ్చిందా?"

"రాలేదు బావా."

"నీకు అబద్ధం చెప్పడం రాదే. చిన్నప్పట్నుంచీ అంతే." గొంతులో కోపం లేదు. చెయ్యి మాత్రం నడుము దగ్గరికి పోయింది. "వాడు కుర్రాడు. కొన్నేళ్లకి బయటికొస్తాడు. నేను లేకపోతే మీ అక్క బతకదు."

కొత్త తుపాకీ ఆమె నుదుటికి ఎదురుగా లేచింది.

తమ్ముడు గుర్తొచ్చాడు. ఆమె తలుపు వైపు తిరిగి అరుస్తుంది.

"నాలుగు! ఒకటి! ఎనిమిది—"

ఢాం!



తలుపు అవతల హెడ్ కానిస్టేబుల్ గొంతు, మెల్లగా.

"మూడు."