ఇది మీ నాయిన గుండె కాదు

"ఇది మీ నాయిన గుండె కాదు," అంది సారిక, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా.

విక్కీ కంప్యూటర్ మీదికి వంగి చూశాడు. "అదేంది మేడమ్? మిషన్ మీరే పెట్టిండ్రు గదా!"

నాగ్‌పాడాలో ఓ చిన్న గుండె క్లినిక్‌లో సారిక టెక్నీషియన్. విక్కీ తండ్రి భూమయ్యకు నిరుడు స్టెంట్ వేశారు. ఈమధ్య ఉన్నట్టుండి కళ్ళు తిరుగుతున్నాయి. అందుకే నిన్న ఛాతీకి వైర్లు అతికించి, గుండె కొట్టుకునే తీరును రోజంతా రాసుకునే హోల్టర్ మిషన్ కట్టి పంపింది.

"స్టెంట్ పడ్డ పెద్దమనిషి గుండె ఇంత హుషారుగుండదు. మొదటి గంట దాటినంక ఇది ఊపిరి పీలిస్తే ఉరుకుతున్నది, విడిస్తే నిమ్మళమైతున్నది. పడుచు గుండె. సచ్ బోల్, ఎవలిది?"

"నాది," అన్నాడు విక్కీ తల దించుకుని. "దురదని నాయిన గంటలోనే పీకేసిండు. మీరు తిడతరని నేనే అతికించుకున్న."

"రిపోర్ట్ మంచిగుందని డాక్టర్ మందులు తగ్గిస్తే? భూమయ్య కాకకు ఏమన్నా అయితే?"

విక్కీ ముఖం పాలిపోయింది. అంతదూరం అతను ఆలోచించనే లేదు.

ఆ సాయంత్రం వానలో తడుస్తూ, మిషన్ పట్టుకుని, సారికే కామాటిపురాలో వాళ్ళుండే ఇరుకు గదుల పాత చాల్ మెట్లెక్కింది. "కాకా, అంగీ విప్పు."

"దురద బిడ్డా..."

"ఒక్క దినం ఓర్చుకో."

భూమయ్య చేతులు ఖాళీగా ఉంటే కదా గోక్కునేది! మర్నాడంతా విక్కీ పనికి సెలవు పెట్టి తండ్రితో పేకాట ఆడాడు. ప్రతి ఆటా ఓడిపోయాడు.

ఈసారి గ్రాఫ్ చూసి సారికే అదిరిపడింది. మధ్యాహ్నం ఒకచోట గుండె తొమ్మిది దెబ్బలు వరసగా అడ్డదిడ్డంగా కొట్టుకుంది. డాక్టర్ వెంటనే పెద్దాసుపత్రికి పంపాడు. అక్కడ గుండెకు వెళ్ళే ఇంకో రక్తనాళం పూడుకుపోయిందని తేలింది. రెండో స్టెంట్ పడింది. ఆ అయిదు రోజులూ సారిక డ్యూటీ కాగానే వచ్చేది. ఆసుపత్రి వరండాలో ఆమె, విక్కీ ఒకే వడాపావ్ కోసం కొట్లాడుకునేవాళ్ళు.

రెండు నెలలకు, ఓ ఆదివారం, సారిక ఇంటి తలుపు తట్టింది భూమయ్యే. డాక్టర్ చెప్పినట్టు ప్రతి అంతస్తులో ఆగి, మూడంతస్తులు ఎక్కొచ్చాడు.

"మల్లవ్వా, నీ బిడ్డను మాకియ్యి," అన్నాడు మంచినీళ్ళు తాగి.

మల్లవ్వ కూతురి వైపు చూసింది. సారిక ముఖం చూశాక ఇంకేమీ అడగలేదు. "పిలగాడేడి మరి?"

"కిందున్నడు. అడగనీకె ధైర్యం చాలలే."

సారిక గ్యాలరీలోకి పరిగెత్తింది. కింద వానలో, గొడుగు కూడా లేకుండా, విక్కీ పైకే చూస్తున్నాడు.

"విక్కీ! మా అమ్మ ఒప్పుకున్నది. పైకి రా!"

"మరి నువ్వు?"

"నేనెప్పుడో ఒప్పుకున్న. రారా పాగల్, తడుస్తున్నవ్!"